'తెల్లచీర కబుర్లు' కింద కామెంట్ల పెట్టె

నేను ఒక కామెంట్ల పెట్టెను. సామర్లకోటలో ఉండే భ్రమరాంబగారి బ్లాగులో, ఆవిడ రాసిన ప్రతి కబురు కిందా ఉంటాను. చదివినవాళ్ళు చెప్పిన మాట పట్టుకెళ్ళి ఆవిడకు అందించడం నా ఉద్యోగం. నన్ను తయారుచేసిన మహానుభావుడెవడో గానీ, నోరిచ్చి, ఆ నోటికి తలుపు పెట్టడం మరిచిపోయాడు. ఎవరేం కుక్కినా మింగాల్సిందే.

భ్రమరాంబగారు ప్రభుత్వాసుపత్రిలో హెడ్డు నర్సుగా చేసి రిటైరయ్యారు. కాకినాడలో ట్రైనింగు రోజుల గురించి 'తెల్లచీర కబుర్లు' అని రాస్తారు. పైకి కాలక్షేపమంటారు గానీ, ఆ రాతంతా జైబున్నీసా కోసం. హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. టైఫాయిడ్‌తో ఈవిడ మంచం పడితే, తన డ్యూటీతోపాటు ఈవిడ డ్యూటీ కూడా చేసిన మనిషి. ఉద్యోగాలొచ్చి చెరో ఊరూ పోయాక జాడ తెగిపోయింది. అందుకే ప్రతి కబురు చివరా "జైబూ, చదివితే ఒక్క ముక్క రాయవే" అని ఉంటుంది. ఆ ముక్క రావలసింది నాలోంచే.

వచ్చిందేమిటి? బట్టతల మీద జుట్టు మొలిపించే నూనె! "అద్భుతమైన పోస్టు! మా నూనె వాడండి, ఈ నంబరుకు ఫోన్ చెయ్యండి" అని మొట్టమొదటి కామెంటు. భ్రమరాంబగారు పొంగిపోయారు. గుమ్మంలోకి వచ్చినవాళ్ళను పలకరించకుండా పంపడం ఆవిడ ఇంటా వంటా లేదు. "ధన్యవాదాలండీ. మా ఇంట్లో అందరికీ జుట్టు బాగానే ఉంది. మీ వ్యాపారం వృద్ధిలోకి రావాలి" అని జవాబు రాశారు. అయ్యో తల్లీ, అది మనిషి కాదమ్మా, యంత్రమమ్మా! జవాబిచ్చే ఇల్లు దొరికింది కదా అని లోకంలో చెత్తంతా నా మీదే వచ్చిపడింది. బూట్లు, పేకాట, అప్పులు, బరువు తగ్గించే పొడి. టైఫాయిడ్ కబురు కింద "చాలా సంతోషం, ఇలాంటివి ఇంకా జరగాలి" అట! సిగ్గుండాలి.

ఆవిడ రోజూ కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఒక్కొక్కటే తుడిచేవారు. తుడిచిన చోటే మళ్ళీ పుట్టుకొచ్చేవి. విసిగిపోయి మేడమీద అద్దెకుండే ప్రసూనను పిలిచారు.

"ఏంటమ్మా ఈ పీడ? ఇందులో జైబు రాసినా కనపడి చావదు! పోనీ నా ఫోన్ నంబరే పెట్టేయనా?"

"వద్దు పిన్నిగారూ, ఈ చెత్తంతా ఫోనుకొచ్చి పడిపోద్ది. వీటన్నిట్లో ఏదో ఒక నంబరుంది చూడండి. నంబరున్న కామెంటు తిన్నగా చెత్తబుట్టలోకి పోయేలా పెట్టేస్తాను. మీరు బుట్ట చూడక్కర్లేదు, దానంతటదే ఖాళీ అయిపోద్ది."

"పెట్టేయమ్మా, నీకు పుణ్యముంటుంది."

ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టే అయింది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చినట్టుండి, హాయిగా నిద్రపోయాను కూడా.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆ ముక్క వచ్చింది. "ఒసే భ్రమరా, నేనేనే, జైబుని. మా కోడలు చదివి వినిపిస్తుంటే ఏడుపాగలేదే. నీ గొంతు వినాలి, ఫోన్ చెయ్యి." కింద నంబరు. ఇన్నేళ్ళకు దొరికిన నేస్తానికి నంబరు కాక ఇంకేమిస్తారు ఎవరైనా? నేనే, నా చేతులారా, ఆ ముక్కను తీసుకెళ్ళి బూట్ల పక్కన బుట్టలో పడేశాను. నాకు పెట్టిన నియమం అది. నా బతుకు మండ!

కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చింది. "ఫోన్ చెయ్యలేదేమే? అందలేదేమోనని నంబరు మళ్ళీ ఇస్తున్నా." అదీ బుట్టలోకే. ఇక్కడ భ్రమరాంబగారేమో, చెత్త ఆగిపోయిందని ప్రసూనకు పాలకోవా పంపారు.

నిన్న మూడోది వచ్చింది. "సరేలే భ్రమరా. నాతో మాట్లాడటం నీకిష్టం లేదని అర్థమైంది. ఇక రాయను. సుఖంగా ఉండు. జైబు." ఇందులో నంబరు లేదు. నన్ను దాటుకుని నేరుగా ఆవిడ కళ్ళముందుకు వెళ్ళిపోయింది.

భ్రమరాంబగారు దాన్ని రెండుసార్లు చదువుకున్నారు. అంతలోనే కళ్ళు తుడుచుకుంటూ గబగబా జవాబు కొట్టారు. "ఏం మాటలే అవి? నువ్వెప్పుడు రాశావే? నాకొక్కటీ అందలేదు. నీ నంబరు పెట్టవే, ఈ క్షణమే చేస్తాను!"

అప్పట్నించి నా ముందు నుంచి కదలడం లేదు. ఇదిగో, అవతల జైబున్నీసా టైపు చేస్తోంది. ఒక్కొక్క అంకే పడుతోంది. ప్రసూనమ్మా, ఒక్కసారి మెట్లు దిగి రావమ్మా!