మెప్పు భేరి మోగని చోటు

1959 మార్చి పన్నెండు, ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలు. వాన వెలిసి పావుగంటయింది. క్వీన్యోన్ రేవు పక్కనున్న ఊళ్లో, ఈశాన్యపు గాలికి సభామండపం చూరు నుంచి ఇంకా చుక్కలు రాలుతున్నాయి. తెర పక్కన లొక్ మాస్టారు మోకాళ్లు నొక్కుకుంటున్నాడు. ఆ మోకాళ్ల వల్లనే, ముప్ఫై ఏళ్లుగా ఊరి ఉత్సవపు ఆటలో తను కట్టిన ముసలి సేనాని వేషం ఈరోజు శిష్యురాలు దియెప్‌కు వచ్చింది.

"నవ్వు మరిచిపోకమ్మాయ్. చంపించింది కన్నకొడుకునే అని తెలియగానే సేనాని పగలబడి నవ్వాలి. ఏడుపు ఆ తర్వాతే."

"అప్పుడే తెలిసినవాడికి గొంతెక్కడిది మాస్టారూ? కాసేపు ఊరుకుంటాను."

"నువ్వు ఊరుకుంటే భేరి ఊరుకోదు. దెబ్బ చట్రం మీద పడిందా, వచ్చే ఏడు వంటపాకలో ఉల్లిపాయలు తరుగుతూ ఊరుకుందువుగాని!"

వేదిక ముందు మెప్పు భేరి దగ్గర ఊరి పెద్ద థాక్ కూర్చున్నాడు. ఆట బాగుంటే తోలు మీద కొడతాడు, తప్పితే కర్ర చట్రం మీద. ఆయన తీర్పుకు తిరుగు లేదు.

ఆటలో ఆ ఘట్టం వచ్చింది. సేనాని వేషంలో ఉన్న దియెప్, చచ్చిపడిన కొడుకు నడికట్టును చేతుల్లోకి తీసుకుంది. గుర్తుపట్టింది. నిలబడిపోయింది.

లొక్ పది ఊపిర్లు లెక్కపెట్టాడు. ఆమె కదలలేదు, భేరి పలకలేదు. ప్రతి పద్యపాదానికీ దెబ్బ పడే ఘట్టంలో అంతటి మౌనం అతడెన్నడూ ఎరగడు. తప్పుపట్టడానికైనా పనికిరాదని పెద్దాయన వదిలేశాడనుకున్నాడు. ఆమెను కాపాడాలనే తొందరలో కంచుగంట వాయించేవాడికి సైగ చేశాడు. గంట ఖంగుమంది. దియెప్ ఉలిక్కిపడింది, నడికట్టు జారిపోయింది.

టక్! చట్రం మీద దెబ్బ.

దియెప్ వంగి, నడికట్టు ఎత్తుకుని, వినీ వినబడకుండా అంది: "ఆజ్ఞ మీద ముద్ర వేసింది ఈ చెయ్యే."

ఆట ముగియగానే లొక్ చేతులు జోడించుకుని పరుగెత్తాడు. "పెద్దయ్యా, చిన్నపిల్ల, తెలియక..."

"పిల్లనెవరన్నారయ్యా? ఆ దెబ్బ నీకు!" థాక్ భేరి కర్రతో లొక్‌ను చూపించాడు. "మెచ్చుకుందామని కర్ర ఎత్తాను, ఆ మౌనం చెదురుతుందని దించలేకపోయాను. అంతలో ఆ గంట ఎవరు కొట్టించమన్నారు నిన్ను?"

ముప్ఫై ఏళ్లలో లొక్‌కు చట్రం మీద పడిన మొదటి దెబ్బ అది.

తర్వాత పదకొండేళ్లు ఆ ఊరి ఉత్సవంలో సేనాని వేషం దియెప్‌దే. ఆ ఘట్టం వచ్చినప్పుడు లొక్ వాద్యాల మధ్య కూర్చుని, కంచుగంటను మోగకుండా రెండు చేతులతో పట్టుకునేవాడు.