ఆయన చేతి మాత్ర

ఈ ఇంట్లో నాకు మంచినీళ్ళు అందించే మనిషి మా ఆయనొక్కరే. అదీ రాత్రి, అంట్లు తోమి, పక్షవాతంతో మంచాన పడ్డ మా అత్తగారికి పక్క మార్చి వచ్చాక. ఒక చేతిలో గ్లాసు, ఇంకో అరచేతిలో మాత్రలు. "వేసుకో రెబెక్కా, గ్యాసుకి." పెళ్ళయ్యాక ఆయన నా కోసం చేసిన పని అదొక్కటే. కరిగిపోయేదాన్ని. ఓ ఆదివారం గుడిలో లేచి నిలబడి సాక్ష్యం కూడా చెప్పాను, దేవుడు నాకు ప్రేమగల భర్తనిచ్చాడని. పిచ్చిమొహాన్ని!

కిందటేడు అత్తగారిని లేవదీస్తుంటే గుండెల్లో పట్టేసి కూలబడ్డాను. రాజమండ్రి తీసుకెళ్ళారు. తొడలోంచి సన్నటి గొట్టం పంపి గుండె ఫొటోలు తీశారు. డాక్టరు గారితో మాట్లాడి వచ్చింది మా ఆయనే. "నీకేంటే, గుండ్రాయిలా ఉన్నావు. ఉత్త గ్యాసు" అని నవ్వారు. హమ్మయ్య అనుకుని, మర్నాటి నుంచి మళ్ళీ అత్తగారిని ఎత్తడం మొదలుపెట్టాను. ఆయన రాత్రిపూట మాత్రలివ్వడమూ అప్పుడే మొదలైంది. మొన్న వేసవిలో విశాఖలో ఓ పెళ్ళిలో ఆయనకే గుండెపోటొస్తే, సాయంత్రానికల్లా స్టెంటు వేయించాం. అప్పట్నుంచి ఆయనకి నూనె లేని కూర, అత్తగారికి మెత్తటి జావ, నాకు మిగిలింది.

ఇవాళ ఆయన్ని రాజమండ్రిలో పరీక్షకి రమ్మన్నారు. "ఎండలో నువ్వెందుకే?" అంటూనే ఉన్నారు. వండేది నేను, ఏం తినాలో నేనే వింటానని, పక్కింటి ఏసమ్మని అత్తగారి దగ్గర కూర్చోబెట్టి బస్సెక్కాను.

కిందటేడు నా గుండె ఫొటోలు తీసిన డాక్టరు గారే. ఆయన్ని వదిలేసి నన్నే చూశారు.

"అమ్మా, మీరు లాజరు మాస్టారి భార్య కదూ? బైపాస్ ఎక్కడ చేయించుకున్నారు?"

"నాకు కాదండీ, ఆయనకి. స్టెంటు."

"మీకేనమ్మా. మూడు రక్తనాళాలు మూసుకుపోయాయి, ఆలస్యం చెయ్యొద్దని మాస్టారికి చెప్పానే! ఆపరేషనయ్యే దాకా అని మందులు రాసిచ్చాను."

ఆయన గోడ మీది క్యాలెండరు చూస్తున్నారు. వరండాలోకి లాక్కొచ్చి అడిగాను.

"భయపడతావనే చెప్పలేదే. మాత్రలు నేనే ఇస్తున్నాను కదా. నువ్వూ మంచమెక్కితే అమ్మనెవరు ఎత్తుతారు చెప్పు?"

మాత్రల్ని అట్టలోంచి తీసేసి ఎందుకు తెచ్చేవారో అప్పుడర్థమైంది. పేరు చూస్తే ఎవర్నో ఒకర్ని అడుగుతానని. ఒళ్ళు మండిపోయింది. ఏడుపు కూడా రాలేదు. నా గుండె ఎప్పుడాగిపోయినా ఫరవాలేదు, వాళ్ళమ్మ పక్క మారితే చాలు ఆయనకి. దానికి నేను గుడిలో సాక్ష్యం చెప్పాను.

తిరిగి లోపలికి వెళ్ళాను.

"నన్ను చేర్చుకోండి డాక్టరు గారూ. సంతకం నేనే పెడతాను."

ఆయన తలుపు దగ్గరే నిలబడిపోయారు.

"మరి రాత్రికి అమ్మకి అన్నం ఎవరు పెడతారే?"

"మీరే పెట్టండి. రోజూ నాకు మాత్ర పెట్టిన చెయ్యేగా."