జీర పోయిన గొంతు

పాడేటప్పుడు గొంతులో సన్నటి జీర పలికేది కాబట్టి ఆమెను అందరూ ‘జీర’ అనే పిలిచేవారు. కన్నతల్లికి కూడా అసలు పేరు ఒక పట్టాన నోటికొచ్చేది కాదు. పాటలు తనే రాసుకుని తనే బాణీ కట్టుకునేది. చెల్లెలు కీబోర్డు వాయించేది. బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్ల మీద, మడత నలిగిన చొక్కాల మీద, మోగి మోగి ఆగిపోయే ఫోన్ మీద పాటలేమిటని మొదట్లో నవ్వారు. తీరా మొదటి ఆల్బమ్ వచ్చాక పత్రికలు ఆకాశానికెత్తేశాయి. న్యూవేవ్ అనే కొత్త తరహా సంగీతానికి మన భాషలో దొరికిన అసలైన గొంతు ఇదేనని రాశాయి. రెండో ఆల్బమ్‌ను అంతకు మించి పొగిడాయి. కచేరీకి మాత్రం జనం వచ్చేవారు కాదు. ముందు వరసలో విలేకరులు, వాళ్ల వెనక ఖాళీ కుర్చీలు. మనల్ని మెచ్చుకునేవాళ్లందరికీ పాసులు ఉచితమేనని చెల్లెలు నవ్వేది.

మూడో ఆల్బమ్‌కు పాటలు సిద్ధమయ్యేసరికి గొంతు మాటిమాటికీ పట్టేయసాగింది. స్వరతంత్రి మీద ఎన్నాళ్లనుంచో ఉన్న చిన్న కాయ ఇప్పుడు ముదిరిందని, తీసేయకపోతే మాట కూడా పోతుందని డాక్టరమ్మ చెప్పింది.

“తీసేస్తే జీర ఉంటుందా?” అని అడిగింది ఆమె.

“ఆ జీర దానివల్ల వచ్చిందేనమ్మా” అంది డాక్టరమ్మ.

ఆపరేషన్‌కు ఒప్పుకుంది గాని, పాడవద్దన్న మాట వినలేదు. ఆ గొంతు ఉండగానే పాటలన్నీ రికార్డు చేయాలని పట్టుబట్టింది. చెల్లెలు బతిమాలింది, అలిగింది, చివరికి కీబోర్డు ముందు కూర్చుంది. స్టూడియోలో పాటకూ పాటకూ మధ్య జీర గోరువెచ్చటి నీళ్లు తాగుతూ, సైగలతోనే మాట్లాడేది. ఆఖరి పాట చివరి చరణంలో గొంతు చీలిపోయి గాలి మాత్రమే వచ్చింది. మళ్లీ పాడే ఓపిక లేక దాన్ని అలాగే ఉంచేశారు.

ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు మౌనం. డాక్టరమ్మ అనుమతి ఇచ్చిన రోజున ఆమె చెల్లెల్ని పిలిచింది. పక్క గదిలో ఉన్న చెల్లెలు ఎవరో చుట్టాలొచ్చారనుకుని చీర సర్దుకుంటూ వచ్చింది. నున్నటి, తేటైన గొంతు. అందులో ఏ లోపమూ లేదు, ఆమె కూడా లేదు.

సరిగ్గా అప్పుడే ఆల్బమ్ విడుదలైంది. చీలిపోయిన ఆ చరణం గురించి పత్రికలు పేజీలకు పేజీలు రాశాయి. ఈసారి జనం కూడా విన్నారు. హోటళ్లలో, ఆటోల్లో అదే పాట. ఆల్బమ్ తెచ్చిన కంపెనీ యజమాని పెద్ద హాలు మాట్లాడి, టిక్కెట్లన్నీ అయిపోయాయని సంబరంగా ఫోన్ చేశాడు. ఆపరేషన్ సంగతి చెబితే, నాలుగు రోజులు పాడితే గొంతు అదే దారికొస్తుందిలెమ్మన్నాడు.

ఒక మధ్యాహ్నం చెల్లెలు బజారు నుంచి వచ్చేసరికి వంటింటి తలుపు వేసి ఉంది. లోపల జీర మడతపెట్టిన దుప్పటి మొహానికి అదుముకుని అరుస్తోంది. మెడ నరాలు ఉబ్బి, కళ్లు ఎర్రబడ్డాయి.

“ఏం చేస్తున్నావక్కా?”

“గొంతు పాడుచేసుకుంటున్నా.”

“ఈసారి మాట కూడా మిగలదు.”

“మిగిలి ఏం చేసుకోను? పొద్దున నోరు తెరిస్తే పక్కింటావిడెవరో పలుకుతోంది. వాళ్లు టిక్కెట్లు కొన్నది ఆవిడ కోసం కాదే.”

చెల్లెలు దుప్పటి లాక్కుంది. “నాకు మా అక్క కావాలి. జీర కావాలన్నవాళ్లనే దాన్ని వాళ్ల గొంతుల్లో పెంచుకోమను” అని, స్టవ్ పక్కనే కూలబడి ఏడ్చింది. జీర ఆమె తల నిమురుతూ ఇంకెప్పుడూ అరవనని మాటిచ్చింది. ఆ మాట నిలబెట్టుకుంది.

కచేరీ రోజు హాలు కిటకిటలాడింది. మొదటి పాట ఎత్తుకోగానే గుసగుసలు లేచాయి. రెండో పాటకు వెనక నుంచి ఎవరో, అసలావిడను పిలవండి అన్నారు. నేనేనండీ అంది ఆమె మైకులో. జనం నవ్వారు. హాస్యమాడుతోందనుకున్నారు. చీలిక పడాల్సిన చరణం దగ్గర అందరూ ఊపిరి బిగబట్టారు. గొంతు ఎక్కడా తడబడకుండా, నీళ్లలా జారిపోయింది. జనం ఒక్కొక్కరే లేచి వెళ్లిపోతుంటే చెల్లెలు కీబోర్డు మీంచి తలెత్తలేదు. జీర మాత్రం చివరిదాకా పాడింది. ఆమె పని అయిపోయిందని మర్నాడు పత్రికలు గౌరవంగానే రాశాయి. మిగతా కచేరీలు యజమానే రద్దు చేశాడు.

ఏడాది తిరక్కుండానే ఆమె ఒక స్టూడియోలో కోరస్‌కు కుదిరింది. చెల్లెలు పిల్లలకు కీబోర్డు నేర్పుతోంది. కోరస్‌లో మొదటి రోజు పాట ముగిశాక సౌండ్ ఇంజనీరు అద్దం వెనక నుంచి బయటికొచ్చి, “మీ గొంతు అందరిలో ఎంత బాగా కలిసిపోతోందండీ, ఎక్కడుందో కూడా తెలియట్లేదు” అని మెచ్చుకున్నాడు. కొత్త గొంతుకు దక్కిన మొదటి పొగడ్త అది. థాంక్సండీ అంది. ఇంటికెళ్లి, నవ్విద్దామని, ఆ మాట చెల్లెలికి అతనన్నట్టే అని చూపించింది. చెల్లెలు నవ్వలేదు. అక్క ముందు కంచం పెట్టి, ఎదురుగా కూర్చుంది.