లోటీ చేతి మడతలు

గురువారం పొద్దున ప్రార్థన కాగానే మా చర్చి కింది గదిలో ఆడవాళ్లు పియెరోగీలకు కూర్చుంటారు. మైదా బిళ్లలో చీజ్ కలిపిన ఆలుగడ్డ ముద్ద పెట్టి, కజ్జికాయకు మడిచినట్టు అంచు మడిచి, మరిగే నీళ్లలో వేసి తీయడం. అమ్మకం శుక్రవారం. మా ఊళ్లో బొగ్గు గనులు మూతపడ్డాయి, చొక్కాల ఫ్యాక్టరీ మూతపడింది, రైలు కూడా మా మొహం చూడ్డం మానేసింది. పియెరోగీలు మాత్రం ఒక్క వారం ఆగలేదు.

బల్ల చుట్టూ ఆరుగురు ఆడవాళ్లు, ఏడు కుర్చీలు. ఏడోది లోటీది. నిరుటికి ముందేడు అక్టోబరులో పోయింది పాపం. మట్టిచేసిన మర్నాడే గురువారం. అందరూ గిన్నె దగ్గర నిలబడి వెనక్కి తిరిగేసరికి ఆ కుర్చీ ముందు, పిండి చల్లిన గుడ్డ మీద, సరిగ్గా డజను పియెరోగీలు. ఫ్యాక్టరీ మిషన్లో కుడి బొటనవేలి కొస పోగొట్టుకున్న మనిషి లోటీ. ఆవిడ మడతకు చివర ఓ మొండి నొక్కు పడేది, ఇంకెవరికీ రాదది. బల్ల దగ్గర పెత్తనం చేసే బెర్నడెట్ వాటి అంచున ఆ నొక్కే చూసి, "చచ్చినా కూర ఎక్కువ కుక్కడం మానలేదు ఈ మహాతల్లి!" అని విసుక్కుని, వాటినీ నీళ్లలో వేసింది.

ఆ తర్వాత ప్రతి గురువారం అంతే. అందరికీ తెలుసు, ఫాదర్‌కీ తెలుసు. ఆ కుర్చీలో కూర్చోకూడదు, అటే గుడ్లప్పగించి చూడకూడదు. ఆ డజనూ లోటీ మొగుడు చెట్‌కి. శుక్రవారం మధ్యాహ్నం వెన్నలో వేయించుకుని, ఒక్కోదాని అంచు వేలితో తడిమి తడిమి తినేవాడు. మిగతా వారమంతా ఏం తిన్నాడో ఆయనకే గుర్తుండేది కాదు. శుక్రవారం కోసమే బతుకుతున్నాడని ఊరంతా అనుకునేది, అది నిజం కూడాను.

ఈ చలికాలం చెట్ మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. చూసుకోవడానికి కూతురు జనీన్ ఒహాయో నుంచి వచ్చింది. తల్లితో తొమ్మిదేళ్లు మాటల్లేవు ఆ పిల్లకి. తను విడాకులిచ్చిన మొగుణ్ణి తల్లి ఈస్టర్ భోజనానికి పిలిచిందని పంతం. లోటీ ప్రతి ఆదివారం ఫోన్ చేసేది, ఇది ఎత్తేది కాదు. చివరికి సమాధి దగ్గరికి వచ్చేసరికి మట్టి కప్పడం కూడా అయిపోయింది.

"నన్ను అమ్మ కుర్చీలో కూర్చోనివ్వండి ఆంటీ," అంది జనీన్ బెర్నడెట్‌తో, ఆ డజను సంగతి విన్నాక.

"అక్కడ ఎవరైనా కూర్చుంటే ఆవిడ రాదేమో అమ్మాయ్. నీకు కావాలంటే నా పక్కన కూర్చో."

"అమ్మకి ఒక్క మాట చెప్పాలాంటీ. ఒక్కటే."

"బతికున్నప్పుడు ఫోనులో చెప్పలేకపోయావా?" అనేసి, వెంటనే నాలుక్కరుచుకుంది బెర్నడెట్. కానీ అన్నది అన్నదే.

ఆ వచ్చే గురువారం జనీన్ అందరికంటే ముందు వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. మిగతావాళ్లు దిగివచ్చేసరికి మోచేతులదాకా పిండి, ముక్కు ఎర్రగా. ఎవరూ లేవమనలేదు. లేపితే బాగుండేది కాదు మరి. జనీన్ మధ్యాహ్నం దాకా కూర్చుంది. చేతి మీద చెయ్యి పడలేదు, గొంతు వినపడలేదు, ఆ డజనూ రాలేదు. ఆమె చేసిన పియెరోగీలన్నీ నీళ్లలో విచ్చుకుని గంజి అయిపోయాయి.

ఆ తర్వాత ఆ కుర్చీ మళ్లీ ఖాళీగానే ఉంచారు. గురువారం వచ్చింది, పోయింది. గుడ్డ మీద చల్లిన పిండి చల్లినట్టే ఉంది. ఇంకో గురువారం. మూడోది. ఆ వారాలన్నీ బెర్నడెట్ తను చేసినవే ఓ డజను డబ్బాలో సర్ది పంపింది.

చెట్ ప్రతిసారీ అంచులు తడిమి తిన్నాడు, ఈసారి పళ్లెం పక్కకు నెట్టాడు. "లోటీకి ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు.

జనీన్ ఏడుస్తూ ఉన్నదున్నట్టు చెప్పేసింది. "నావల్లే నాన్నా. నేను కూర్చున్నాననే రావడం మానేసింది. నామీద కోపం ఇంకా పోలేదు."

"కోపమా?" అన్నాడు చెట్. "ఆస్పత్రిలో పోయేముందు ఒకటే మాట అంది. జనీన్ వచ్చి నా చోట కూర్చునేదాకా నేనెక్కడికీ పోనయ్యా, అంది. జ్వరంలో ఏదో అంటోందనుకున్నా. ఆ తర్వాత డజనుకి డజను వస్తూంటే నాకోసమే వస్తోందనుకున్నా, పిచ్చి వెధవని."

"నాన్నా..."

"నువ్వొచ్చావు, కూర్చున్నావు. నీమీద కోపమేం లేదే తల్లీ, ఉంటే ఇంకా వస్తూనే ఉండేది. నిన్ను చూసుకుంది, వెళ్లిపోయింది." ముసలాయన పళ్లెంలో ఒకదాన్ని వేలితో జరిపాడు. "నాతో ఓ మాటైనా చెప్పి పోవచ్చుగా."

తల్లి పోయినప్పట్నుంచీ జనీన్ వెతుక్కున్నది ఆ కోపం లేదన్న మాటే. తీరా వినేసరికి సంతోషించడానికి మొహం చెల్లలేదు. తండ్రి మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆయన ఆమె జుట్టు నిమిరాడు గానీ, చూపు మాత్రం పళ్లెం మీదే ఉంది.

తర్వాతి గురువారం చెట్ కోటు తొడుక్కుని చర్చికి తీసుకెళ్లమన్నాడు. కూతురి భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి, ఎవరినీ అడక్కుండా లోటీ కుర్చీలో కూర్చున్నాడు. ఆ గదిలో మగాడు బల్ల ముందు కూర్చోవడం అదే మొదలు. ఇంకో రోజైతే బెర్నడెట్ నాలుగు వేళాకోళాలు విసిరేది. ఇవాళ పిండి బిళ్ల ఒకటి ఆయన ముందుకు జరిపి ఊరుకుంది.

చెట్ కూర పెట్టాడు, మడిచాడు, బొటనవేలితో నొక్కాడు. చిరిగింది. ఇంకోటి తీసుకున్నాడు. అదీ చిరిగింది. నాలుగోదో అయిదోదో చేతిలో పట్టుకుని, బల్లకు అవతల ఎవరూ లేని వైపు చూస్తూ, "నాకు చేతకావడం లేదే లోటీ," అన్నాడు.

ఆడవాళ్లు తలెత్తలేదు, చేతులు ఆపలేదు. జనీన్ ఇంకో బిళ్ల ఒత్తి ఆయన ముందు పెట్టింది.