ఊపిరి పాఠం

రూపనగుడి బస్టాండు పక్కన షామియానా వేశారు. 'మత్తు లేని ఊరు' అని కన్నడంలోనూ తెలుగులోనూ రాసిన బ్యానరు కట్టారు. అక్షరాల కంటే పెద్దగా కోదండరామి ఫోటో ఉంది. ఊళ్లో సగం మిరప చేలు ఆయనవే. బళ్లారి దారిలో ఉన్న లారీ యార్డు ఆయనదే. గనుల నుంచి ఖనిజం తోలే డ్రైవర్లంతా ఈ ఊరివాళ్లే. ఆ రోజు యార్డు మూసి అందరినీ సభకు తోలుకొచ్చారు.

ఉపన్యాసాలయ్యాక ముగ్గురు డ్రైవర్లను వేదిక ఎక్కించి మెడల్లో అట్టలు వేలాడదీశారు. వాటి మీద 'నేను మత్తుకు బానిసను' అని రాసి ఉంది. మధ్యలో నిలబడ్డవాడు హనుమేశ్, యశోదమ్మ ఒక్కగానొక్క కొడుకు.

"యశోదమ్మా, పైకి రా," అన్నాడు కోదండరామి మైకులో. "నీ కొడుకు ఎట్లాంటోడో ఊరంతా చూడాల గదా. ఏరా, మీయమ్మ కాళ్లు పట్టుకోరా."

యశోదమ్మ వెళ్లింది. వెళ్లకపోతే మర్నాడు మిరపకాయల కోతకు పిలుపు రాదు. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని నిలబడింది. హనుమేశ్ వంగి కాళ్లు పట్టుకోబోతే ఆమె వెనక్కి జరిగింది. జనం నవ్వారు. ఫోన్లు పైకి లేచాయి.

కింద కూర్చున్న డ్రైవర్లలో చాలామంది చొక్కా చేతులు మణికట్టు దాకా లాక్కున్నారు. వాళ్ల చేతుల మీదా సూది మచ్చలున్నాయి. యార్డులో అందరికీ తెలిసిన సంగతే అది. లోడు దించిన బండి చల్లారకముందే ఇంకో ట్రిప్పు ఎక్కమంటారు. నడుము పట్టేసిందంటే గుమాస్తా టీతో పాటు నొప్పి మాత్ర చేతిలో పెడతాడు. మొదట మింగుతారు. అది పనిచేయడం మానేశాక కరిగించి సూదితో ఎక్కించుకుంటారు. ఒకే సూది చేతులు మారుతుంది. హనుమేశ్‌కు మొదటి మాత్ర ఇచ్చింది ఆ గుమాస్తానే.

ఆ మాట సభలో ఒక్కరూ అనలేదు. అన్నవాణ్ణి "నీకెట్లా తెలుసప్పా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు భయపడి వందల మంది తలలు దించుకున్నారు.

ఆ తర్వాత హనుమేశ్ ఎవరి కంటా పడకుండా తిరిగాడు. అంతకుముందు యార్డు వెనక నలుగురితో కలిసి వేసుకునేవాడు. ఇప్పుడు ఒంటరిగా, ఇంటి బచ్చలిలో, ఆ స్నానాల గదికి గడియ పెట్టుకుని.

ఒక మధ్యాహ్నం యశోదమ్మ చేని నుంచి అన్నానికి వచ్చేసరికి బచ్చలి లోపల ఏదో పడిన చప్పుడైంది. తలుపు గట్టిగా నెడితే గడియ ఊడొచ్చింది. హనుమేశ్ గోడవారగా పడి ఉన్నాడు. పెదవులు నీలంగా మారుతున్నాయి. ఎప్పుడో ఒకసారి గొంతులో గురక వస్తోంది.

పక్కింటి హుసేనమ్మ గోడ అవతల నుంచి కేకేసింది. "ఏం యశోదక్కా, ఏందో పడినట్లాయెనే?"

హుసేనమ్మ భర్త ఆటో వాకిట్లోనే ఉంది.

"ఏం ల్యా, బిందె జారింది," అంది యశోదమ్మ. గబగబా వెళ్లి వీధి తలుపు వేసింది.

మొహం మీద నీళ్లు చల్లింది. అరికాళ్లు రుద్దింది. "లేరా నాయనా, ఎవరన్నా వస్తారు," అని చెవిలో గుసగుసలాడింది. గట్టిగా పిలవలేదు. ఆమె నోరు విప్పి అరిచేసరికి ఆ గురక కూడా ఆగిపోయింది.

పాడె మోయడానికి మనుషులు సరిపోలేదు. కోదండరామి రాలేదు, మాట పంపాడు: "ఇది అందరికీ గుణపాఠం."

యార్డులో పెద్ద డ్రైవరు కెంచప్ప ఆ మాట విని ఊరుకోలేదు. సూదులు వాడేవాళ్ల మధ్య పనిచేసే అర్పిత అనే ఆరోగ్య కార్యకర్తను బళ్లారి నుంచి పిలుచుకొచ్చాడు. ఆమె యశోదమ్మ ఇంటికి వెళ్లి కూర్చుంది. యశోదమ్మ ఒక్కటే అడిగింది.

"ఊపిరి ఉండినాది పాపా. అప్పుడేమన్నా చేసింటే బతికేటోడా?"

"బతికే అవకాశం ఉండె అక్కా," అంది అర్పిత. "నోటితో ఊపిరి ఇస్తా ఆంబులెన్సుకు ఫోన్ చేసింటే."

యశోదమ్మ మోకాళ్లలో తల పెట్టుకుంది. తల ఎత్తకుండానే అంది: "అది అందరికీ నేర్పు. నా ఇంటి ముందరే నేర్పు."

ఆదివారం పొద్దున యశోదమ్మ వాకిట్లో చాపలు పరిచారు. డ్రైవర్లు వచ్చారు గానీ దూరంగా గోడకానుకుని నిలబడ్డారు. ఆడవాళ్లు ముందు కూర్చున్నారు. పడిపోయినవాడి ఊపిరి ఎలా చూడాలో, తల ఎలా వంచాలో, నోటితో ఊపిరి ఎలా ఇవ్వాలో, ఆ తర్వాత పక్కకు ఎలా తిప్పాలో అర్పిత హుసేనమ్మను ముందు పెట్టుకుని చూపించింది. తర్వాత కొత్త సూదుల పెట్టె తెరిచింది.

కెంచప్ప లేచాడు. "ఊపిరి సంగతి సరే పాపా. సూదులు పంచేదేంది? ఏసుకోండప్పా అని మనమే చెప్పినట్టు కాదా?"

"పంచకపోతే మానేస్తారా అన్నా? ఒకే సూది పది చేతులు తిరుగుతుంది, జబ్బు ఇంటికొస్తుంది. మాన్పించేకి ఆసుపత్రి ఉండాది, మందుండాది. కానీ ఆడిదాకా పోయేకి మనిషి బతికుండాల గదా."

"మరి ట్రిప్పు మీద ట్రిప్పు ఏసేది ఎవురు ఆపాల?" అన్నాడు గోడ దగ్గర నుంచి ఒక డ్రైవరు.

"అది మీరు ఆపాల," అంది అర్పిత.

అప్పుడే కోదండరామి కారు, వెనక పోలీసు జీపు వచ్చి ఆగాయి.

"చూడండి ఎస్సై గారూ, సూదులు పంచి ఊరు పాడు చేస్తాండారు," అన్నాడు కోదండరామి. యశోదమ్మ వైపు తిరిగాడు. "కొడుకు పోయినా సిగ్గు రాల్యా నీకు?"

యశోదమ్మ లేచి నిలబడింది. కొంగు మొహం మీదికి వెళ్లబోయింది. సగంలో ఆగింది.

"వచ్చింది సావుకారూ. సిగ్గుతోనే వాణ్ణి సంపుకున్నా. ఊపిరి ఉన్నప్పుడే వీధి తలుపేసినా. పక్కింట్లో ఆటో ఉన్నా పిలవల్యా. మీరు మెడలో ఏసిన అట్టకు భయపడినా. నేను ఒప్పుకుంటాండా." కొంగు నడుములో దోపుకుంది. "మీ గుమాస్తా మాత్రలిచ్చేది మీరు ఒప్పుకుంటారా?"

"పిచ్చి పట్టిందా నీకు? ఎవురు చూసినారు?"

డ్రైవర్లు మళ్లీ నేలవైపే చూస్తున్నారు. యశోదమ్మ ఒక్కతే అందరి మధ్య నిలబడి ఉంది.

కెంచప్ప చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మోచేతి లోపలంతా పాత మచ్చలు, పక్కనే ఒక పచ్చిపుండు.

"నేను చూసినా," అన్నాడు. "నాకూ ఆ గుమాస్తానే ఇచ్చినాడు. ఈ చేతులతోనే హనుమేశ్‌కి బండి నేర్పినా. ఇంగోటి కూడా నేర్పినా." తల ఎత్తలేక నేలకే చెప్పాడు. "సూదులొద్దని ఇప్పుడే వాదించినా. నా చెయ్యి ఎవరన్నా చూస్తారేమో అని."

గోడ దగ్గర ఇంకో చొక్కా చెయ్యి పైకి వెళ్లింది. తర్వాత ఇంకొకటి. ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. కానీ చేతులు మాత్రం దాచుకోలేదు.

ఎస్సై పెట్టె లాక్కుని కెంచప్పనూ అర్పితనూ జీపెక్కించాడు. జీపు కదలగానే ఆడవాళ్లు వెనకే నడిచారు. డ్రైవర్లు యార్డుకు వెళ్లారు. లోడుతో ఉన్న లారీలన్నీ బయటికి తీసుకొచ్చి ఠాణా ముందు రోడ్డు వారగా వరసగా నిలబెట్టి, తాళాలు జేబుల్లో వేసుకున్నారు. ఆ ఇద్దరినీ వదలాలి. యార్డులో మాత్రలు ఆగాలి. ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య నిద్ర ఉండాలి. సూది వాడేవాణ్ణి పనిలోంచి తీసేయకూడదు, ఆసుపత్రికి పంపాలి. అంతవరకూ బండి కదలదన్నారు.

ఎండ ముదిరింది. కోదండరామి ఠాణా వరండాలో ఫోన్లు చేస్తూ తిరుగుతున్నాడు. ఠాణా ముందు కూర్చున్న ఆడవాళ్లలోంచి హుసేనమ్మ లేచింది.

"ఊరికే కూసునేదేంది? పాప చెప్పింది మరిచిపోకముందే ఇంగోసారి చేద్దాం. ఎవరన్నా పడుకోండి."

ఎవరూ ముందుకు రాలేదు. నడిరోడ్డు మీద, పోలీసుల ముందు, మత్తులో పడిపోయినవాడిలా పడుకోవడానికి ఎవరికి మనసొప్పుతుంది?

యశోదమ్మ వెళ్లి కాలుతున్న తారు మీద వెల్లకిలా పడుకుంది.

ఒక డ్రైవరు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "తల వెనక్కి వంచప్పా. గడ్డం ఎత్తు. ఎద లేస్తాందా చూడు," అని హుసేనమ్మ చెబుతోంది. చుట్టూ జనం మూగారు. ఫోన్లు లేచాయి. యశోదమ్మ కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. అరచేతులు మొహం కప్పుకోవాలని కొట్టుకుంటున్నాయి. వాటిని రోడ్డుకే అదిమి పట్టింది.

ఆ డ్రైవరు ఆమెను మెల్లగా పక్కకు తిప్పి, నేర్చుకున్నానన్నట్టు లేచి నిలబడ్డాడు. ఆమె మళ్లీ వెల్లకిలా తిరిగింది.

"ఇంగొకడు రాండప్పా," అంది, కళ్లు తెరవకుండానే.