ప్రాంప్టరు నాగలింగముగారి యభినయము

రోహిణీకార్తె ప్రవేశించి మూడుదినములయ్యెను. ప్రచండమార్తాండకిరణసంతప్తములైన తారురోడ్లు మెత్తబడి బాటసారుల పాదరక్షలను పట్టి లాగుచుండ పంటకాలువలు అడుగంటి యందలి బురద సైతము పగుళ్లువాఱియుండ శునకములు మురుగుకాలువలలోని చల్లదనమే స్వర్గసుఖమని తలచి శయనించియుండ మనుష్యమాత్రుడు గడప దాటనొల్లని యా పూర్వాహ్ణవేళ నందిరేవు పట్టణమునందలి నాట్యసమాజమువారి హాలు మాత్రము జనసమ్మర్దముతో క్రిక్కిఱిసియుండెను. ఇందులకు కారణము జ్ఞానతృష్ణయని పాఠకులు భ్రమింపవలదు. హాలునందు క్రొత్తగా నమర్చిన ఎయిర్‌కూలర్లు ఎనిమిది కలవు. మధ్యాహ్నము పులిహోరయు దద్దోజనమును ఉచితమని ముందుదినముననే ఆటోకు మైకు కట్టి వీధివీధిని చాటించియుండిరి.

వేదికపై కట్టిన బ్యానరునందు మనోవ్యథాపీడితులను ఆపత్సమయమున నాదుకొను విధానమును సామాన్యజనులకు నేర్పు ఉచిత శిక్షణశిబిరమని సన్నని యక్షరములతో వ్రాయబడియుండగా వానికి నాలుగురెట్లు పెద్దదిగా నాట్యసమాజాధ్యక్షులైన ఇనగంటి రామతారకముగారి చిత్రము ముద్రింపబడియుండెను. చేతులు జోడించి పండ్లన్నియు కనబడునట్లు నవ్వుచున్న యా చిత్రమును జూచి రెండవవరుసలో గూర్చున్న భ్రమరాంబ మొగము త్రిప్పుకొనెను. ఈమె యా యూరి యంగన్‌వాడీ కేంద్రమున పసిపిల్లలకు అక్షరములు దిద్దించుచు ఇరువదియేండ్లు గడపిన యిల్లాలు. మాట కఱకు. బూటకము కంటబడెనా సహింపలేదు. పై యధికారిణి పేరు వ్రాసి పంపినందున రాక తప్పక వచ్చినదేకాని ఇట్టి సభలయెడ నామెకుగల యేవగింపు నేటిది కాదు.

జ్యోతిప్రజ్వలనమును ప్రార్థనాగీతమును పుష్పగుచ్ఛసమర్పణమును ఒకరికొకరు శాలువలు కప్పుకొనుటయు ఆ శాలువలు జాఱిపోగా ఫొటోగ్రాఫరు కోరికపై మరల కప్పుకొనుటయు ముగియునప్పటికి గంటన్నర గడచెను. పిమ్మట బోధించుటకై జిల్లా ఆసుపత్రినుండి వచ్చిన నర్సు మేరీ సుశీలమ్మకు మైకు దక్కెను. కృశాంగియు మితభాషిణియు నగు నామె యలంకారము లేవియు లేక విషయమును చెప్పెను.

"ఎవరైన బ్రదుకుపై నాశ వదలుకొనినట్లు తోచినప్పుడు డొంకతిరుగుడు మాటలు వలదు. చచ్చిపోవలెనని యనుకొనుచున్నారా యని సూటిగా నడుగుడు. అడిగినంతమాత్రమున లేని యూహ పుట్టదు. అవునన్నచో బెదరక వారిని మాటాడనిండు. ఒంటరిగా విడువక వైద్యునికడకు తోడ్కొనిపొండు. ఇప్పుడు ప్రక్కవారిని ఒకమాఱు అడిగి అలవాటు చేసికొనుడు."

సభయంతయు చెవులు మూసికొనెను. శివశివా యనిరి కొందఱు. శుభమా యని కొలువుదీరి చావుమాట లేలయని కొందఱు. అప్పుడు రామతారకముగారు మందహాసముతో మైకందుకొని "అమ్మాయి చెప్పినది బాగుగనే యున్నది కాని భాష మోటుగా నున్నది. 'తమకు ఐహికజీవనమునందు కించిద్విరక్తి జనించినదా?' యని యడుగుట మర్యాద" యని సవరింపగా సభాసదులు కరతాళధ్వనులు చేసిరి. చావవలెనని యున్నవానికి ముందు నిఘంటువు నందీయవలసివచ్చునని యొక్కనికిని తోచలేదు. ఇంత తెగువగల భ్రమరాంబయు ప్రక్కనున్న కాంతమ్మ వైపు తిరిగి ఆ ప్రశ్న వేయబోయి నాలుక మడతపడి "భోజనము చేసితివా వదినా?" యని యడిగి నవ్వి యూరకొనెను.

పులిహోర వృత్తాంతమును వర్ణింపను. విస్తళ్లకై జరిగిన త్రోపులాట కంటితో చూచినవానికే చాలును. అపరాహ్ణమున శిక్షణలో రెండవ భాగముగా ఒకడు నిరాశాగ్రస్తుని పాత్ర ధరింపవలెననియు మఱియొకడు వానిని ఓదార్పవలెననియు మేరీ సుశీలమ్మ తెలుపగనే రామతారకముగారి ముఖము వికసించెను. ఆ యూరు నాటకములపిచ్చికి పెట్టినది పేరు. పద్యము నచ్చెనా నిలువెల్ల ఊగిపోయి 'వన్స్ మోర్' అని కేకలు వేయుటయు నటుడు ఆ పద్యమునే మరల పాడుటయు అచ్చట తరతరముల యాచారము. కావున శిక్షణ యను మాట అంతటితో అంతరించి తెర దింపబడెను. దీపములు సవరింపబడెను. అయితే రాజవేషములు ధరించి మీసములు దువ్వు మహానటులలో నొక్కడును చావుమాట పలుకు పాత్రకు ఒప్పుకొనలేదు. అశుభమట.

అప్పుడు అధ్యక్షులవారి దృష్టి కడపటివరుసలో ఒంటరిగా గూర్చున్న నాగలింగముపై బడెను.

ఈ నాగలింగము ముప్పదిరెండేండ్లు ఆ సమాజమునకు ప్రాంప్టరు. ప్రక్కతెర చాటున నిలిచి మాట మఱచిన దేవతలకును చక్రవర్తులకును మెల్లగా మాటలందించుటయే యాతని వృత్తి. ప్రేక్షకులలో సగముమంది యాతని గొంతు నెఱుగరు. నాలుగునెలలక్రిందట పోటీలలో మసకబాఱిన కన్నులతో రెండుపుటలు వెనుకకు త్రిప్పి చదువగా రాజపాత్రలో నున్న రామతారకముగారు మంత్రి మరణించిన పిమ్మట మంత్రిని పిలిచిరి. బహుమానము చేజాఱెను. నడివీధిలో పదిమంది యెదుట నాగలింగమును నోటికివచ్చినట్లు తిట్టి వెడలగొట్టిరి. ఆయన పలుకరింపనివానిని ఊరిలో మఱియొకడు పలుకరింపడు గనుక నాటినుండి యాతనితో మాటాడువారు లేరైరి. అట్టివాడు ఈ సభకేల వచ్చెనని అడిగినవారును లేరు.

అధ్యక్షులవారు వ్రేలు చూపగా నాతనిని వేదిక నెక్కించిరి; ఓదార్చు పాత్ర మాట మఱచిరి. తెర లేచెను. వ్రాసియిచ్చిన కాగితమును కన్నులకు దగ్గరగా బట్టుకొని కొంతసేపు చూచి మడచి జేబులో నుంచుకొని నాగలింగము నేలవైపు చూచుచు పలికెను.

"నిద్ర లేచినది మొదలు పండుకొనువఱకు నాతో మాటాడువారు లేరు. నాలుగునెలలైనది. వంట మానితిని. ఒక్కనికి పొయ్యి వెలిగింపనేల? గోడవైపు తిరిగి పాతపద్యములు చదువుకొందును. గోడ యెక్కడనైన మఱచినచో అందింతమని చూతును. గోడ యేమియు మఱవదు. అలసిపోయితిని. నేను పోయినను ఒక్కనికిని తెలియదు."

అటుపిమ్మట పైకప్పు లేచిపోవునట్లు చప్పట్లు మ్రోగెను. సభలో నెవరి కన్నులు చూచినను తడియే. భ్రమరాంబ కన్నులనుండి జలజల నీరు కాఱెను. అందఱికంటె ముందు చప్పట్లు మొదలిడి అఱచేతులు మండువఱకు కొట్టినది ఆమెయే. ఇంత చక్కని నటుడు ఇన్నాళ్లు చాటున నుండెనే యని మనసార జాలిపడెను.

"వన్స్ మోర్!" అని ముందువరుసనుండి యొక కేక. "వన్స్ మోర్!" అని వందలగొంతులు.

మేరీ సుశీలమ్మ తటాలున లేచి "ఆపుడు, ఆపుడు" అనుచు వేదికవైపు నడచెను. మైకు అధ్యక్షులచేతిలో నున్నందున ఆ మాట మూడవవరుస దాటలేదు. "ముప్పదిరెండేండ్లు ఇట్టి రత్నమును తెరవెనుక దాచితిమే! నాగలింగమా! రసికులు కోరుచున్నారు. కానిమ్ము" అని రామతారకముగారు గర్జించిరి. నాలుగునెలల పిమ్మట ఆయన తన్ను పేరుపెట్టి పిలుచుట కదియే మొదలు. నాగలింగము తలయెత్తి యాయనవంక జూచి విధేయుడై మరల మొదలుపెట్టెను.

"నాతో మాటాడువారు లేరు. నాలుగునెలలైనది. నాటకముల ప్రతులన్నియు నిన్న గ్రంథాలయమున నిచ్చివేసితిని. గది తాళపుచెవి యింటివారికి నిచ్చితిని. రేపటికి బియ్యము ఉంచుకొనలేదు. ఇచ్చట భోజనము పెట్టుదురని విని పదిమందిలో గూర్చుండి యొకపూట తిని పోవుదమని వచ్చితిని. తింటిని. బాగుగ నున్నది."

భ్రమరాంబ చేతులు గాలిలో నిలిచిపోయెను. వన్స్ మోరునకు నటుడు పాడిన పద్యమునే పాడును గాని యక్షరము మార్పడు. ఈతడు మార్చెను. మార్చిన ప్రతిమాటయు ఇల్లు సర్దుకొను మనిషి మాట. ఈతడు నటించుట లేదు. చచ్చిపోవుచున్నానని నిండుసభలో చెప్పగా తాము చప్పట్లు కొట్టి మరల చెప్పుమనిరి. తన యఱచేతుల మంట యింకను చల్లాఱలేదు. వానిని చూచుకొనగా నామెకు పేడలో చేయిపెట్టినట్లయ్యెను.

సభకు మాత్రము ఆనందము రెట్టించెను. ఈలలు వేసిరి. "ఇంకొక్కమాఱు!" అని బెంచీలు చఱచిరి. ముందువరుసలో సెల్‌ఫోనుతో వీడియో తీయుచున్న పట్టుపంచె పెద్దమనిషి యొకడు "కొంచెము వెలుతురువైపు తిరుగవయ్యా, కన్నీరు కనబడుటలేదు" అని యాజ్ఞాపించెను. నాగలింగము తిరిగెను.

భ్రమరాంబ లేచి ఎవరికాళ్లు త్రొక్కుచున్నదో చూడక వేదిక నెక్కి ప్రక్కగానున్న త్రాడు విప్పి తెర దింపివైచెను. ఆవల కేకలు మిన్నుముట్టెను. ఈవల చీకటిలో నామె యాతని యెదుట నిలిచెను. ఉదయమున నాలుకకు రాని మాట యిప్పుడు వచ్చెను.

"అన్నగారూ! చచ్చిపోవలెనని యనుకొనుచున్నారా?"

నాగలింగము ఆమె ముఖమును పరీక్షించినట్లు చాలసేపు చూచెను.

"అవును తల్లీ. రేపు" అనెను. ఆ మాటతో అక్కడనే కూలబడి "ఎవరైన అడుగుదురేమో యని ప్రొద్దుటినుండి కూర్చుంటిని" అని వెక్కివెక్కి యేడ్చెను.

ఆమెయు నేలపై గూర్చుండి యాతని మణికట్టు పట్టుకొనెను. ఊరడింపుమాట లామెకు తట్టలేదు. అదియే మేలయ్యెను. ఆతడు చెప్పుచుండ ఆమె వినుచుండెను. ఇంతలో శాలువ చేతబట్టుకొని ఫొటోగ్రాఫరు వెంటరాగా రామతారకముగారు తెర తొలగించుకొని ప్రవేశించిరి.

"ఏమమ్మా ఈ రసాభాసము? తెర యెత్తింపుము. సన్మానము జరుగవలెను."

"ఈయన నటింపలేదు బాబుగారూ. నిజముగనే ప్రాణము తీసికొన సిద్ధమైయున్నాడు."

అధ్యక్షులవారు కొంచెమాలోచించిరి. నాగలింగమువైపు చూడలేదు. "అట్లయిన ఈ మాట బయట పొక్కనీయకుము. హాలునకు అపకీర్తి" అని గొంతు తగ్గించి పలికిరి.

ఆ ముఖముపై ఉమ్మివేయవలెనని భ్రమరాంబకు తోచెను. వేయలేదు. ఈ కథయందు నాకు విచారము కలిగించు విషయములలో నదియు నొకటి.

మేరీ సుశీలమ్మ ఆటో పిలిపించి నాగలింగమును జిల్లా ఆసుపత్రికి తీసికొనిపోయెను. ఆతడు విడువనందున భ్రమరాంబ చేయియు వెంటపోయెను. హాలులో సభ యథావిధిగా సాగి శిక్షితులందఱికి యోగ్యతాపత్రములు పంచబడెను. విషాదసమయమున మానవుని గుర్తించుటయం దారితేరినవారని మున్నూటముప్పదిమందికి అచ్చువేసి సంతకముతో ఇచ్చిరి.

నలువదిదినములు గడచెను. మందులు పడెను. వారమునకొకసారి సుశీలమ్మ ఫోనుచేసి ఇప్పుడెట్లున్నదని సూటిగా నడుగుచుండెను. నాగలింగము సాయంకాలభోజనము భ్రమరాంబ యింటనే చేయుచు ఆమె భర్తతో పేకాడుచు కూరలో ఉప్పు తక్కువైనదని సణుగుట మొదలుపెట్టెను. చావుతలంపు బొత్తిగా పోయెనని ఆతడు చెప్పలేదు. వచ్చినప్పుడు చెప్పుచుండెను.

ఒకనాటి సాయంకాలము రామతారకముగారు ఆ యింటి వాకిట నిలిచిరి. రాబోవు పోటీలకు ఆనాటి సన్నివేశమును ఏకాంకికగా ప్రదర్శింప దలచితిమనియు ప్రథమబహుమానము తథ్యమనియు నాగలింగమే వేషము కట్టవలెననియు సెలవిచ్చిరి. విస్తరిముందునుండి లేచి యెంగిలిచేతితోనే నాగలింగము గడపకడకు వచ్చెను.

"అయ్యా! ముప్పదిరెండేండ్లు మీకు మాటలందించితిని. అవి మీ మాటలు. ఇవి నావి. ఇయ్యను."

"నీవు వేషము కట్టకున్న బోనీ. వ్రాసియిమ్ము. మఱియొకనిచేత చెప్పింతము."

నాగలింగము లోనికి బోయెను. భ్రమరాంబ వాకిటికి అడ్డముగా నిలిచి "పొండు బాబుగారూ" అనెను.

"నీవేల మండిపడెదవు?" అని ఆయన నవ్విరి. "నాడు అందఱికంటె ముందు చప్పట్లు కొట్టినది నీవే. వీడియోలో కనబడుచున్నది."

ఆమె తలుపురెక్క పట్టుకొనెను. అది నిజము.

"కొట్టితిని" అనెను. "ఆ చేతులు నేటికిని కడుగుకొనుచున్నాను. మీకు కడుగుకొనవలెనని కూడ తెలియలేదు." అని తలుపు వేసెను.

పరుల దుఃఖమును గాంచి కన్నీరు విడుచుటయే కరుణయని లోకము భ్రమించుచున్నది. ఆ హాలునందు నాడు కన్నీరు విడువనివారు లేరు. భ్రమరాంబ లోనికి వచ్చునప్పటికి నాగలింగము చల్లారిన యన్నము ముందు తలవంచుకొని కూర్చుండెను. ఆమె యెదుట చతికిలబడి ఆతడు మరల ముద్ద యెత్తువఱకు కదలకుండెను.