గంట మోగని ప్రోగ్రాం

మొఘల్‌పురాలో ఇరవై ఏళ్లుగా టైపు నేర్పుతున్న ఆదిశేషయ్య 1984లో ఒక చిన్న కంప్యూటర్ కొన్నాడు. దాన్ని పాత టీవీకి తగిలించాడు. ఇక తేలాల్సింది ఒక్కటే. పిల్లలకు మొదట ఏ కంప్యూటర్ భాష నేర్పాలి?

"బేసిక్ నేర్పుదామండీ. ఈ మిషన్‌కి వచ్చింది అదొక్కటే," అంది కొత్త టీచర్ రాధ.

"లైను ఎంత పొడుగుంటుంది?"

"చిన్నదేనండీ. రెండు మూడు మాటలు."

"మరి కోబాల్?"

"బారెడుంటుంది. కానీ ఈ మిషన్‌కి..."

"కోబాలే!" ఆదిశేషయ్య బల్ల గుద్దాడు. "రెండు మాటలు కొడితే స్పీడెప్పుడొస్తుందమ్మాయ్?"

మర్నాటి నుంచి టైపు చట్టాలే కంప్యూటర్‌కూ వర్తించాయి. తప్పు కొడితే చెరపకూడదు. కళ్లు పక్కనున్న కాగితం మీదే ఉండాలి. తెర చూస్తే చెయ్యి పాడవుతుందని టీవీకి దుప్పటి కప్పారు. కోబాల్ లైను కొట్టి మీట నొక్కగానే, ఒక్క ముక్కా అర్థంకాని మిషన్ కీచుమనేది.

"విన్నారా? టైపు మిషన్‌లాగే లైను పూర్తయిందని గంట కొట్టింది. తర్వాతి లైను!"

"అది తప్పని మొత్తుకుంటోందండీ," అంది రాధ.

"గంట సంగతి నాకు చెప్పకు. టైపు మిషన్ల మధ్యే తల నెరిసింది."

పిల్లలందరిలో వేగంగా గంటలు కొట్టించేది పురానాపూల్ నుంచి వచ్చే రాజమణి. ఇంతలో కబురొచ్చింది. ఒక సర్కారీ కార్పొరేషన్‌లో ఒకే ఒక్క ప్రోగ్రామర్ ఉద్యోగం ఉంది. ఆఫీసరు ఇక్కడికే వచ్చి పరీక్ష పెడతాడు.

బస్సు డిపోలో మెకానిక్కైన రాజమణి తండ్రి మొగులయ్య తేల్చేశాడు. "గీసారి నౌకరి రాకుంటే కంప్యూటర్ గింప్యూటర్ బంద్. మీ చిన్నమ్మ పక్కన కూసోని అగరుబత్తీలు చుట్టు."

రాజమణి రాధను పట్టుకుంది. "మేడం, గా మిషిన్‌కు సమజయ్యే భాష చెప్పున్రి."

ఆదిశేషయ్య మధ్యాహ్నం కునుకు తీస్తుంటే దుప్పటి తీసి బేసిక్ నేర్చుకుంది. మొదటిసారి మిషన్ కీచుమనకుండా లెక్క చెప్పినప్పుడు ఉలిక్కిపడింది. "అమ్మో! మాట ఇన్నది!"

పరీక్షకు ఆఫీసరు రాధాకృష్ణమూర్తి వచ్చాడు. స్టెనోగా చేరి, సీనియారిటీ మీద కంప్యూటర్ సెక్షన్‌కు పెద్దయిన మనిషి. ఒకటి నుంచి వంద దాకా కూడమన్నాడు.

ముందు రాజమణితో పాటే నేర్చుకుంటున్న బాలనర్సింహ కూర్చున్నాడు. పేజీడు కోబాల్ కొట్టాడు. ప్రతి కీచుకూ ఆఫీసరు తల ఊపాడు.

రాజమణి దుప్పటి తీసింది. నాలుగు లైన్లు కొట్టింది. తెర మీద 5050 వెలిగింది.

"ఆపేశావేం?" అన్నాడు ఆఫీసరు.

"అయింది సార్. జవాబు గదే."

"జవాబు నాకూ తెలుసమ్మా. ఆ అబ్బాయి పేజీ నింపాడు. నువ్వు ఒక్క గంటైనా మోగించలేదు. పైగా తెర చూసి కొట్టావు."

కలం ఆమె పేరు మీదికి వెళ్లింది. కొట్టెయ్యడానికే. గుమ్మం దగ్గరున్న రాధ ఒక అడుగు లోపలికి వేసింది.

"ఆగున్రి సార్! గది చెయ్యి సాఫ్ జేసుకునుడు. అసల్ది గిప్పుడు."

రాజమణి దుప్పటి కప్పేసింది. కోబాల్ అందుకుంది. వేళ్లు కనబడలేదు. కీచుమీద కీచు, ఊపిరి తీసుకునే సందు లేకుండా. బాలనర్సింహ నోరు తెరిచాడు. ఆఫీసరు కుర్చీలోంచి లేచాడు.

"ఏమి స్పీడు! ఒక్క తప్పు లేదు!"

ఉద్యోగం రాజమణిదే. ఆదిశేషయ్య కళ్లు తుడుచుకున్నాడు.

మెట్ల మీద రాధ ఆమె చెయ్యి పట్టుకుంది. "సరైన జవాబు చూపించి, మళ్లీ ఆ చెత్త కొడతావుటే?"

"ఏం జెయ్యాలె మేడం? నౌకరి ఇచ్చేది మిషిన్ గాదు గదా." రాజమణి చెప్పులు వేసుకుంది. "లోపలికి పోయినంక మంచిగ పని జేస్త, ఫికర్ జెయ్యకున్రి. వచ్చే నెల ఇంకో పోస్టు పడ్తదంట. మీ పేరు చెప్పిన."

"నిజంగానా? ఆఫీసరు ఏమన్నాడు?"

"టైపు హయ్యర్ పరీక్ష పాసయిందా అని అడిగిండు."